గోరు తగలని జత

నీళ్ళ తొట్టిలో ట్యూబును ముంచి పట్టుకున్నప్పుడు గోటి బాబాయి ఊపిరి బిగబడతాడు. ముప్ఫై ఏళ్ళ అలవాటు. ట్యూబు ఊపిరి ఎక్కడ పోతోందో కనిపెట్టేదాకా తను ఊపిరి తీసుకోవడం అన్యాయం అన్నట్టు ఉంటుంది ఆయన వాలకం. ఉన్నట్టుండి ఆవగింజంత బుడగ ఒకటి పైకి తేలుతుంది. దాని వెంట ఇంకొకటి, ఆ వెంట ముత్యాల పేరు తెగినట్టు బోలెడు. ఆయన కళ్ళు వాటి వెంటే పైకి వెళ్ళి, అవి పగిలిన చోట కాసేపు ఆగిపోతాయి.

"దొరికిందా?" తెర వెనకనుంచి భార్య అడుగుతుంది.

"ఊఁ."

"అయితే ఊపిరి వదలండి. మీకు పంక్చరైతే అతకడం నాకు చేతకాదు."

ఉన్నది ఒకటే గది. మధ్యలో పూల తెర. ఇవతల ఆయన టైర్లు, అవతల ఆవిడ కుట్టుమిషను. ఆవిడ మోటారుసైకిళ్ళ సీట్లకు కవర్లు కుడుతుంది. బండిలో నేలను తాకేది ఆయన వంతు, మనిషిని తాకేది ఆవిడ వంతు. మధ్యలో ఉన్న ఇంజనూ గింజనూ ఎవరి గొడవో వాళ్ళకు పట్టదు.

గోటి బాబాయి అన్న పేరు కుడిచేతి బొటనవేలి గోరు వల్ల వచ్చింది. మిగతా తొమ్మిదీ పొట్టిగా కత్తిరించుకుని ఆ ఒక్కటి మాత్రం పెంచుతాడు. గవ్వలా మందంగా, అంచున నల్లగా ఉంటుంది. ఏ టైరు తెచ్చి ముందు పెట్టినా, కంపెనీ పేరు చూడడు, మీద అంటించిన కాగితం చదవడు. టైరు భుజం మీద, అంటే నేలను తాకే పట్టీ పక్కకు వంగే చోట, ఆ గోరు పెట్టి అదుముతాడు. రబ్బరు మెత్తనిదైతే గోరు దిగి సన్నటి నెలవంక పడుతుంది. ముదిరిన రబ్బరైతే గోరు జారిపోతుంది. బండి మలుపుల్లో వంగి నడిస్తే ఆ నెలవంక అరిగి మాయమవుతుంది, కాబట్టి ఎవరూ ఏమీ అనరు.

అరిగిన టైరును చూసి మనిషిని చెప్పడం ఆయనకు ఇంకో విద్య. మధ్యలో మాత్రమే చదునుగా అరిగి, భుజాలు కొత్తగా మెరుస్తుంటే, "ఈ మనిషికి మలుపులంటే భయం. బండిని వంచడు. కర్రలా నిలబెట్టి తిప్పుతాడు" అంటాడు. ఒక భుజమే ఎక్కువ అరిగితే, "కుడివైపు నమ్మకం, ఎడమవైపు అనుమానం" అంటాడు. ఒకసారి, ఊళ్ళో అందరూ కొరియర్ తమ్ముడని పిలిచే కుర్రాడి బండి వెనక టైరు చూసి, "ఈ మధ్య బరువు పెరిగిందే. ఎవరినో ఎక్కించుకు తిరుగుతున్నట్టున్నావ్?" అన్నాడు. ఆ తమ్ముడు సిగ్గుతో మెలికలు తిరిగిపోయాడు. రెండు నెలలకు శుభలేఖ తెచ్చి ఇచ్చాడు.

వచ్చేవాళ్ళందరూ అడిగేది మాత్రం ఒక్కటే. ఎన్నాళ్ళొస్తుంది?

"బాబాయ్, నా పెళ్ళికి వేయించుకుంటున్న టైరు నా కొడుకు పెళ్ళిదాకా రావాలి" అన్నాడు ఆ కొరియర్ తమ్ముడే.

"టైరు వస్తుందిలే నాయనా. నువ్వొస్తావా అన్నదే నా దిగులు."

అప్పుడు ఓపిగ్గా చెప్పుకొచ్చాడు. గట్టి రబ్బరు ఎక్కువ దూరం నడుస్తుంది, కాని తడి రోడ్డును పట్టుకోదు. మెత్తని రబ్బరు రోడ్డును కరుచుకుంటుంది, కరుచుకున్నందుకే అరుగుతుంది. ఎంతటి బండైనా నేలను తాకేది ఒక్కో చక్రం కింద అరచేయంత రబ్బరుతోనే. ఆ రెండు అరచేతుల మీదే మనిషీ, వాడి వెనక కూర్చున్న మనిషీ, వాళ్ళ రేపూ ఎల్లుండీ. టైరు పక్కన ముద్ర వేసిన నాలుగంకెలు ఏ వారం, ఏ ఏడాది దాన్ని పోతపోశారో చెబుతాయి. ఐదారేళ్ళు దాటితే, వాడినా వాడకపోయినా నమ్మకూడదు. గాలికే రబ్బరు ముదిరిపోతుంది. ఈ సంగతి ఆయన రోజుకు పదిసార్లు చెబుతాడు. తెర వెనక ఆవిడ పెదాలు కూడా ఆ మాటలకు తగ్గట్టు కదులుతాయి.

కొట్టు ముందు చిన్న ఏటవాలు ఉంది. దాని మీద రెండు గ్రానైటు పలకలు పరిచి ఉంటాయి. పక్కింటి రాళ్ళమేస్త్రీ వంటగట్టులకు కోయగా మిగిలిన ముక్కలు. ఎవరి బండికి టైర్లు మార్చినా, ఆ పలకల మీద బకెట్టు నీళ్ళు పోసి, మనిషి నడిచినంత వేగంతో బండిని కిందికి దించి, ముందు బ్రేకు నొక్కి చూడందే తాళంచెవి ఇవ్వడు. చక్రం ఆగి బండి నిలిస్తే సరే. చక్రం ఆగి బండి జారితే టైరు వెనక్కి. ఈ పరీక్షలో ఆయన రెండుసార్లు మురిక్కాలువలో పడ్డాడు. మూడోసారి పడితే ఈత నేర్పిస్తానని ఆవిడ మాటిచ్చింది.

అటక మీద, పాత దుప్పటిలో చుట్టి, ఒక జత ఉంది.

పన్నెండేళ్ళ కిందటి మాట. డీలరు ఒకాయన, చూసి చెప్పమని ఒక జత ఇచ్చి వెళ్ళాడు. గోటి బాబాయి అంత మెత్తని రబ్బరు అంతకు ముందు చూడలేదు. నీళ్ళు పక్కలకు పారేందుకు ఆకుల ఈనెల్లా కోసిన గాళ్ళు. తన బండికే బిగించాడు. ఆ పొద్దున వాన పడుతోంది. ఏడో తరగతి చదివే కూతుర్ని వెనక కూర్చోబెట్టుకుని కొండ దారి ఎక్కాడు. పదకొండు మలుపుల దారి అది. పైకి వెళ్ళేకొద్దీ మబ్బు కిందికి దిగింది. చెట్లు ముందు నీడలయ్యాయి, తర్వాత నీడలు కూడా లేకుండా పోయాయి. రోడ్డు ఎక్కడో, గాలి ఎక్కడో తెలియలేదు. తెల్లటి దూదిలోపలి నుంచి బండి తనంతట తనే పోతున్నట్టు, మలుపు మలుపుకీ ఎవరో చేయి పట్టుకుని తిప్పుతున్నట్టు అనిపించింది. కూతురు ఆయన వీపుకు చెంప ఆనించి, "నాన్నా, రోడ్డు మనల్ని పట్టుకుంది" అంది.

తిరిగొచ్చాక ఆ పిల్ల టైరు ముందు గొంతుక్కూర్చుని చాలాసేపు చూసింది. "అరిగిపోయిన రబ్బరు ఎక్కడికి పోతుంది నాన్నా?" అని అడిగింది.

"రోడ్డు మీదే ఉంటుంది కాబోలు."

"అయితే ఇవాళ మనం కొంచెం అక్కడే ఉండిపోయామన్నమాట."

ఆ మధ్యాహ్నమే ఆయన ఆ జత విప్పేశాడు. డీలరుకు తిరిగివ్వలేదు, కొనేసుకున్నాడు. ఇంకెవరైనా అయితే నాలుగు రోజులు తిరిగి ఆనందించేవాళ్ళు. ఆయన మాత్రం కడిగి, తుడిచి, పౌడరు పూసి, పిల్ల పెద్దదై బండి నడిపే రోజుకని దాచాడు. ఏటా ఒకసారి దించి దుప్పటి విప్పి, పౌడరు మార్చి మళ్ళీ ఎక్కించాడు. ఊళ్ళో ప్రతి టైరుకూ గోరు దించిన మనిషి ఆ రెండింటికీ ఒక్కసారి కూడా దించలేదు. నడవని టైరు మీద గుర్తు పడితే ఇక పోదు కదా.

ఆ కూతురికి ఇప్పుడు ఇరవై నాలుగేళ్ళు. చంకలో పది నెలల పాప. నీళ్ళు పరీక్షించే లాబులో ఉద్యోగం వచ్చింది. రోజూ పొద్దున కొండ మీది చెరువుల దగ్గరికి, ఊటల దగ్గరికి వెళ్ళి సీసాల్లో నీళ్ళు పట్టుకు రావాలి. పదకొండు మలుపులు ఎక్కడం, పదకొండు దిగడం. నాన్న బండి తనకిమ్మంది. పాప అమ్మమ్మ దగ్గర ఉంటుంది. అన్నీ కుదిరాయి. ఒక్క నాన్నకే నిద్ర కుదరలేదు. కళ్ళు మూసుకుంటే తడి రోడ్డు కనిపించేది. ఏడో మలుపులో కొండ మీద నుంచి సన్నటి ధార ఏడాది పొడుగునా రోడ్డును తడుపుతుంటుంది. అక్కడ నాచు పడుతుంది. ఆయన ఆ చోటును అరచేతుల్లో కొలిచి చూసుకునేవాడు. ముందు చక్రం ఒక అరచేయి. వెనక చక్రం ఒక అరచేయి.

అయినా అటక మీద ఆ జత ఉందిగా అనుకోగానే ఒళ్ళు తేలికయ్యేది.

సోమవారం ఉద్యోగంలో చేరాలి. ఆదివారం పొద్దున కూతురు పాపనెత్తుకుని వచ్చింది. సన్నటి వాన. ఆయన అప్పటికే అటక ఎక్కి జతను దించి, దుప్పటి మడత పెట్టి పక్కన పెట్టుకుని, పెళ్ళికొడుకును చూడవచ్చినవాళ్ళ ముందు కూర్చున్నట్టు కూర్చున్నాడు.

"ఇవేనా! ఇంకా ఉన్నాయా!" కూతురు మొహం విప్పారింది. "నేను మర్చేపోయాను నాన్నా."

"నేను మర్చిపోలేదమ్మలూ."

నల్లగా నిగనిగలాడుతున్నాయి. ఆకు ఈనెల్లాంటి గాళ్ళు అలాగే ఉన్నాయి. పాప ముందుకు వంగి ఒకదాన్ని చేత్తో చరిచింది. ఆయన సబ్బునీళ్ళు రాసి, రెండు ఇనుప పట్టీలతో అంచు పైకెత్తి, అరగంటలో రెంటినీ బిగించేశాడు. గాలి పడుతున్నప్పుడు టైరు అంచు రిమ్ములో టప్పున కూర్చున్న చప్పుడుకు ఆయన గుండెలో కూడా ఏదో సర్దుకుంది. బండి తుడిచి తాళంచెవి కూతురి చేతిలో పెట్టాడు.

తెర పక్కకు తొలగింది. నోట్లో దారం పోగుతో భార్య నిలబడి ఉంది.

"పలకల మీద దించలేదు?"

"ఇవాళ్టికి వద్దులే. వాన పడుతోందిగా."

"వానైతే మరీ మంచిది. బకెట్టు నీళ్ళు మిగిలాయి."

"ఈ జత సంగతి నాకు తెలియదా?"

"ఊరందరి టైర్లకూ గోరు గుచ్చుతారు. వీటికి ఎప్పుడైనా గుచ్చారా?" ఆవిడ దారం కొరికి ఉమ్మింది. "అడిగానంతే. టైర్లు మీవి. పిల్ల మాత్రం మనిద్దరిదీ."

ఆయనకు కోపం రాలేదు. కోపం రావలసిన చోట చల్లగా ఏదో జారింది. కూతురి చేతిలోంచి తాళంచెవి తీసుకుని, బండిని ఏటవాలు పైకి తోసుకెళ్ళాడు. పలకల మీద వాన పలచగా పారుతోంది. అందులో ఆకాశం కనిపిస్తోంది. బండెక్కి కాళ్ళు పైకి తీసి, మనిషి నడిచినంత వేగంతో దించాడు. బ్రేకు నొక్కాడు.

చక్రం ఆగింది. బండి ఆగలేదు.

చప్పుడు లేదు, కుదుపు లేదు. కలలో జారినట్టు, వెన్న మీద వెన్నలా, నిదానంగా పక్కకు పోయింది. ఆ కొద్ది క్షణాల్లో ఆయనకు కాలువ కనిపించలేదు. ఏడో మలుపు, దాని నాచు కనిపించాయి. పాదం నేలకు తన్నిపెట్టి, కాలువ అంచుకు జానెడు దూరంలో ఆగాడు. పాప మాత్రం, తాతయ్య మళ్ళీ ఆడతాడేమోనని చూస్తోంది.

ఆయన దిగి, ముందు టైరు పక్కన గొంతుక్కూర్చున్నాడు. భుజం మీద గోరు పెట్టి అదిమాడు. జారింది. ఇంకోచోట పెట్టాడు. జారింది. మూడోసారి ఎంత గట్టిగా అదిమాడంటే గవ్వలాంటి ఆ గోరే మడతపడి తెల్లబడింది. రబ్బరు మీద గీత కూడా లేదు. చక్రానికి మొహం దగ్గరగా పెట్టి చూశాడు. గాళ్ళ అడుగున వెంట్రుకల్లాంటి పగుళ్ళు. పౌడరు వాటిలోకి దిగి తెల్లగా ఉంది. ఏటా ప్రేమగా తనే పూసిన పౌడరు.

కూతురు పాపను అమ్మకిచ్చి వచ్చి పక్కన కూర్చుంది. వేలితో టైరు పక్కను తుడిచి ఆ నాలుగంకెలూ చదివింది. పైకి చదవలేదు. చదవనక్కర్లేదు.

"నేల మీద పెట్టనేలేదే అమ్మలూ" అన్నాడాయన. "ఒక్క పూటే. ఆ ఒక్క పూటే నడిచాయి."

"గాలి చాలు నాన్నా. నడిచినా నడవకపోయినా దాని పని అది చేసుకుపోతుంది."

"తెలుసు. రోజుకు పదిసార్లు చెబుతా నేను."

"పదిహేను" అంది తెర దగ్గర్నుంచి ఆవిడ. కాని గొంతు మెత్తగా ఉంది.

ఆయన పన్నెండేళ్ళు ఒక వాన పొద్దును దుప్పటిలో చుట్టి దాచాననుకున్నాడు. దాచింది దాని ఆకారాన్నే. ఇందాక భార్య తెర తీయకపోతే, రేపు ఏడో మలుపులో తన కూతురి కింద ఉండేది ఈ ఆకారమే. ఆ తలంపు రాగానే చేతులు వాటంతటవే ఇనుప పట్టీలు అందుకున్నాయి. బిగించడానికి అరగంట పట్టిన జతను పది నిమిషాల్లో విప్పేశాడు.

కొత్తవి ఎంచడానికి మాత్రం మధ్యాహ్నమైంది. వరసలోంచి తొమ్మిది టైర్లు దించాడు. ఒక్కోదాని అంకెలు చదివాడు, గోరు దించాడు, వాసన చూశాడు. కూతురు కొట్టుకు వచ్చిన కొత్త మనిషిలా స్టూలు మీద కూర్చుని చూస్తోంది.

"బాబాయ్, ఎన్నాళ్ళొస్తాయి?" అంది గొంతు మార్చి.

ఆయన తలెత్తి కోపంగా చూశాడు. తర్వాత, పొద్దుటి నుంచి మొదటిసారి, నవ్వాడు.

"ముందుది ఏడాది వస్తే గొప్ప. మెత్తనిదే వేస్తున్నా. బ్రేకు వేస్తే బరువంతా ముందుకే వస్తుంది, అక్కడ లోభం పనికిరాదు. వెనకది రెండేళ్ళు రావచ్చు. ఇదిగో, మధ్యలో గట్టి రబ్బరు, భుజాల్లో మెత్తన. తిన్నగా పోయినంతసేపూ మధ్యభాగం అరుగుతూ కాస్తుంది. మలుపులో వంచినప్పుడు భుజం పట్టుకుంటుంది."

"అయితే ఏడాదికి మళ్ళీ నీ దగ్గరికే రావాలన్నమాట."

"ఏడాదికా? రోజూ రావాలి. గాలి నేనే చూస్తా. ఇంకో సంగతి. కొత్త టైరు మీద అచ్చులోంచి వచ్చిన నూనె జిడ్డు ఉంటుంది. ఇవాళ దాన్ని నేను తిప్పుకొస్తా. రేపు, ఎల్లుండి మలుపుల్లో వంచకు. నిదానంగా, నిటారుగా పో. వెనకవాడు హారన్ కొడితే కొట్టుకోనీ."

"వాడు తిడితే?"

"మా నాన్న టైర్ల కొట్టు ఫలానా చోట, వచ్చి ఆయన్ని తిట్టుకో అని చెప్పు."

రెండు టైర్ల భుజాల మీదా గోరు దించాడు. ఎప్పుడూ లేనంత నిదానంగా, సంతకం పెట్టేవాడిలా. అటొకటి, ఇటొకటి, నాలుగు నెలవంకలు. తర్వాత పలకలు. బకెట్టు నీళ్ళు కూడా పోశాడు, వాన ఉన్నా. బండి దిగింది, బ్రేకు పడింది, ముందు భాగం ఒకసారి వంగి నమస్కారం పెట్టినట్టు పెట్టి అక్కడే నిలిచిపోయింది. ఆ సాయంత్రం వీధి దీపాలు వెలిగేదాకా, జిడ్డు పోగొట్టే నెపంతో ఆయన ఊరంతా తిరిగాడు.

సోమవారం సాయంత్రం కూతురు వచ్చేసరికి బండి చప్పుడు ఆయనకు రెండు వీధుల అవతలే తెలిసిపోయింది. ఆమె హెల్మెట్ తీయకముందే ముందు చక్రం దగ్గర కూర్చున్నాడు. నెలవంకలు నాలుగూ చెక్కుచెదరలేదు. నిటారుగానే నడిపింది. మంగళవారం కూడా అంతే. బుధవారం కూడా నెలవంకలు అలాగే ఉండేసరికి, కొరియర్ తమ్ముడి దగ్గర, "మా పిల్ల మలుపుల్లో భయపడుతోంది. నేనే భయపెట్టినట్టున్నా" అన్నాడు. పిల్ల భయపడని రోజు తను ఎలా ఉంటాడో అదీ ఆయనకు తెలియదు.

ఆ నాలుగు రోజుల్లో భార్య పాత జతలో ఒకదాన్ని తెర అవతలికి దొర్లించుకుపోయింది. స్పాంజి నింపి, సీట్లకు వేసే ఎర్ర గుడ్డతో చుట్టూ కుట్టేసింది, ఎక్కడా రబ్బరు కనపడకుండా. నేల మీద పడుకోబెట్టి మధ్యలో దిండు వేస్తే, పాప దాన్లో కూర్చుని అంచులు పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊగింది. ఎటు పడినా మెత్తగానే ఉంటుంది. ఎక్కడికీ పోని పడవ. ఆయన చూసి, రెండోదాన్ని కూడా తనే తెచ్చి ఇచ్చాడు.

శుక్రవారం పొద్దుటి నుంచీ వాన. కొండ కనపడలేదు. దాని చోట తెల్లగా ఏదో ఉంది. మూడు గంటలకు ఆయన తొట్టిలో ట్యూబు ముంచాడు. బుడగలు వచ్చి పోతున్నా చూడలేదు. నాలుగయింది, కూతురు రోజూ వచ్చే వేళ దాటింది. తెర అవతల మిషను కూడా ఆగిపోయింది. పాప పడవలోనే నిద్రపోయింది. అయిదు కావస్తుండగా, రెండు వీధుల అవతల, ఆ చప్పుడు.

ఆమె నిలువునా తడిసి ఉంది. ముక్కు కొస నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఖాళీ సీసాల పెట్టె దించుతూ, "పైన మబ్బు దిగింది నాన్నా. ఏమీ కనపడలేదు" అంది. కళ్ళు ఎక్కడో ఉన్నాయి. లోపలికెళ్ళి పాప పక్కన కూర్చుంది.

ఆయన తడి చక్రం ముందు కూర్చుని బొటనవేలితో బురద తుడిచాడు. భుజం సన్నగా గరుకుగా ఉంది, పిల్లి నాలుకలా. కుడివైపు నెలవంక లేదు. ఎడమవైపు తడిమాడు. అక్కడా లేదు. వెనక చక్రం చూశాడు. నాలుగూ పోయాయి.

ఇద్దరు మనుషులు పడవలసినంత భయం, ఇద్దరు పడవలసినంత సంతోషం ఆయనకు ఒకేసారి కలిగాయి. ఎక్కడో పైన, తెల్లటి మబ్బులో, ఒక మలుపులో ఆయన గోటి గుర్తులు ఉండిపోయాయి.

"ఏమయింది?" తెర లోంచి భార్య అడిగింది.

ఆయన పొద్దుటి నుంచి బిగబట్టి ఉన్న ఊపిరి అప్పుడు వదిలాడు. తర్వాత గోరును చొక్కాకు తుడుచుకుని, అదే చోట, మళ్ళీ అదిమాడు.